మధ్యలో ఖాళీ అయిన బోర్డు సీటు: గడువు ఎప్పటి నుంచి, ఎప్పటి దాకా?

మీరు రాసినదాన్ని బట్టి విషయం ఇదీ. రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలిలో (బోర్డులో) వ్యవసాయం తరఫున ఉన్న అనధికార సభ్యుడు, అంటే ప్రభుత్వ అధికారి కాని సభ్యుడు, మధ్యలో రాజీనామా చేశారు. ఆ సీటులో మీ బాబాయిగారిని నామినేట్ చేస్తూ జీవో వచ్చింది. అందులో ‘మిగిలిన పదవీకాలానికి’ అన్న మాట ఉంది. చట్టంలో మూడేళ్లని ఉంటే మాకెందుకు తగ్గించారు, గడువు ముగిశాక కొత్త జీవో రాకపోతే ఏం చేయాలి, ప్రభుత్వం మారితే తీసేస్తారా, సగం సీట్లు ఖాళీగా ఉన్న బోర్డు నిర్ణయాలు చెల్లుతాయా అని అడిగారు. నేను సచివాలయంలో సెక్షన్ ఆఫీసర్‌గా, తర్వాత పై హోదాల్లో చాలా ఏళ్లు ఇలాంటి నామినేషన్ ఫైళ్లే చూశాను. తెలిసింది చెప్తాను, కొంచెం పొడుగవుతుంది.

మొదటిదానికి జవాబు: మీ బాబాయిగారికి మూడేళ్లు రావు. ఎవరో కావాలని కోత పెట్టారని అనుకోకండి. 1974 నాటి నీటి కాలుష్య నివారణ చట్టం 5వ సెక్షన్‌లోనే అలా ఉంది. మామూలుగా సభ్యుడి గడువు నామినేట్ చేసిన తేదీ నుంచి మూడేళ్లు. మధ్యలో ఏర్పడిన ఖాళీలో వచ్చిన సభ్యుడికి మాత్రం, ఎవరి స్థానంలో వచ్చాడో ఆయనకు మిగిలిన కాలమే. ఉప ఎన్నికలో గెలిచిన ఎమ్మెల్యే ఆ అసెంబ్లీకి మిగిలిన కాలమే ఉంటాడు కదా, ఇదీ అంతే. అందుకే మీ చేతిలో ఉన్న జీవో ఒక్కటే చూస్తే లెక్క తేలదు. పాత సభ్యుణ్ణి నామినేట్ చేసిన జీవో కాపీ సంపాదించండి. ఆయన్ను 2023 జూన్ 12న నామినేట్ చేశారనుకుందాం. ఒక రోజు అటూ ఇటూగా 2026 జూన్ రెండో వారంతో ఆ సీటు గడువు తీరుతుంది. మీ బాబాయిగారు 2025 ఫిబ్రవరిలో వచ్చినా, డిసెంబర్‌లో వచ్చినా ఆ తేదీ మారదు. మళ్లీ నామినేట్ చేయడానికి ఇదే సెక్షన్‌లో వీలుంది కాబట్టి, ఆ తర్వాత పూర్తి మూడేళ్లకు ఆయన్నే తీసుకోవచ్చు. అది ప్రభుత్వం ఇష్టం, హక్కుగా అడిగేది కాదు.

ఇక్కడ ‘నామినేట్ చేసిన తేదీ నుంచి’ అన్న మాటను కాసేపు పట్టి చూడాలి. చాలామంది దీన్ని దాటేసి తర్వాత ఇబ్బంది పడతారు. గడువు ఎప్పటి నుంచి మొదలవుతుందో అన్ని చట్టాలూ ఒకేలా చెప్పవు. పబ్లిక్ సర్వీస్ కమిషన్ సభ్యుల గురించి రాజ్యాంగం 316వ అధికరణ ‘పదవిలో ప్రవేశించిన తేదీ నుంచి’ అంటుంది. సమాచార హక్కు చట్టం కింద అప్పీళ్లు వినే సమాచార కమిషనర్లకూ అంతే, ప్రమాణం చేసి కుర్చీలో కూర్చున్న రోజు నుంచి లెక్క. కాలుష్య మండలి సభ్యుడికి అలా కాదు, జీవో తేదీ నుంచే గడియారం తిరుగుతుంది. జీవో వచ్చి నెలన్నర దాకా సమాచారం అందకపోయినా, మొదటి మీటింగ్ మూడో నెలలో పెట్టినా ఆ రోజులు పోయినట్టే. నా దగ్గరికి వచ్చిన ఒక సభ్యుడు తన మూడేళ్లను మొదటి మీటింగ్ నుంచి లెక్కపెట్టుకుని, ‘ఇంకా నాలుగు నెలలు ఉంది కదండీ’ అన్నారు. జీవో ముందు పెట్టి చూపించాను. అప్పటికే పదకొండు రోజులు దాటిపోయింది. ఆయన మొహంలో కనిపించింది కోపం కాదు, అవమానం. ఈ చిన్న లెక్క ముందే ఎవరైనా చెప్పి ఉంటే బాగుండేదని ఇప్పటికీ అనిపిస్తుంది.

గడువు ఎక్కడ ఆగుతుందో కూడా చట్టాన్ని బట్టే. పబ్లిక్ సర్వీస్ కమిషన్‌లో ఆరేళ్లు, లేదా రాష్ట్ర కమిషన్ అయితే 62 ఏళ్ల వయసు, ఏది ముందైతే అది. ‘ఏది ముందైతే అది’ అన్న మాట ఎంత పని చేస్తుందో తెలంగాణ కమిషన్‌లో చూశాం. మొదటి చైర్మన్ ఘంటా చక్రపాణి 2014 డిసెంబర్ నుంచి 2020 డిసెంబర్ దాకా ఆరేళ్లూ ఉన్నారు. అదే కుర్చీలోకి 2024 జనవరిలో వచ్చిన మాజీ డీజీపీ మహేందర్ రెడ్డికి అదే ఏడాది డిసెంబర్‌లో 62 నిండాయి. పదవి అంతటితో ముగిసింది. ఏడాది కూడా నిండలేదు. ఒకే అధికరణ, ఒకే కుర్చీ, ఒకరికి ఆరేళ్లు, ఇంకొకరికి పదకొండు నెలల లోపు. మీ బాబాయిగారి విషయంలో వయసు పరిమితి లేదు కాబట్టి ఈ బెంగ అక్కర్లేదు. ఎవరి గురించైనా ‘ఆరేళ్ల పదవి’ అని ఎక్కడైనా చదివితే మాత్రం పుట్టిన తేదీ కూడా చూడండి.

రెండో ప్రశ్న, గడువు ముగిశాక కొత్త జీవో రాకపోతే ఏమిటన్నది. నా దృష్టిలో మీరు అడిగిన నాలుగింటిలో అసలైనది ఇదే.

కాలుష్య మండలి చట్టంలో ఒక మినహాయింపు ఉంది: గడువు తీరినా, తన స్థానంలో వచ్చే సభ్యుడు పదవిలో చేరేదాకా పాత సభ్యుడు కొనసాగుతాడు. మధ్యలో వచ్చిన సభ్యుడికి కూడా ఇది వర్తిస్తుందనే నా అభిప్రాయం. అక్కడ ‘సభ్యుడు’ అనే ఉంది, పూర్తికాలం వాడు, మధ్యలో వచ్చినవాడు అన్న తేడా లేదు. కాబట్టి మీ బాబాయిగారు ఆ తేదీ దాటగానే ఇంట్లో కూర్చోనక్కర్లేదు. అజెండా వస్తే వెళ్లవచ్చు, ఓటు వేయవచ్చు. ఒక జాగ్రత్త మాత్రం చెప్తాను. తేదీకి రెండు మూడు నెలల ముందే మెంబర్ సెక్రటరీకి ఒక ఉత్తరం రాయించండి. ‘నా గడువు ఫలానా తేదీతో తీరుతోంది, 5వ సెక్షన్ ప్రకారం నా తర్వాతి సభ్యుడు వచ్చేదాకా కొనసాగుతాను, తదుపరి చర్య కోసం తెలియజేస్తున్నాను’ అని నాలుగు వాక్యాలు చాలు. అది ఫైల్లో చేరితే రేపు ఎవరూ ‘ఏ అధికారంతో కూర్చున్నావు’ అని అడగరు.

ఈ మినహాయింపు అన్ని చట్టాల్లోనూ ఉండదు. సమాచార హక్కు చట్టంలో లేదు. పబ్లిక్ సర్వీస్ కమిషన్ విషయంలోనూ లేదు. అక్కడ చివరి రోజు సాయంత్రంతో పదవి పోతుంది. ఆ తేడా సామాన్యుడి మీద ఎలా పడుతుందో మన కళ్లముందే జరిగింది. తెలంగాణ సమాచార కమిషన్‌లో 2023 ఫిబ్రవరిలో ఉన్నవాళ్ల గడువు తీరింది. 2025 మేలో కొత్త ముఖ్య కమిషనర్, కమిషనర్లు వచ్చేదాకా, అంటే రెండేళ్లకు పైగా, రెండో అప్పీలు వినడానికి ఆ భవనంలో అధికారం ఉన్న మనిషి ఒక్కరూ లేరు. చట్టం ప్రకారం ముఖ్య కమిషనర్ కాక పది మంది దాకా ఉండొచ్చు. ఉన్నది సున్నా. తహసీల్దారు ఆఫీసులో తన పట్టా కాగితం అడిగి, జవాబు రాక, అప్పీలు చేసుకున్న రైతుకు ఆ రెండేళ్లు ఎవరు తిరిగిస్తారు? ఆంధ్రప్రదేశ్ కమిషన్ కూడా అంతకు ముందు ఒకసారి ఒక్క కమిషనర్ కూడా లేని స్థితిలో ఉంది. సమాచార హక్కు కార్యకర్త అంజలి భరద్వాజ్ వేసిన కేసులో సుప్రీంకోర్టు ముందుకు వచ్చిన విషయాల్లో అదీ ఒకటి.

ఆ కేసులో 2019 ఫిబ్రవరి 15న వచ్చిన తీర్పులో నాకు బాగా నచ్చిన మాట, ఖాళీ ఏర్పడడానికి ఒకటి రెండు నెలల ముందే భర్తీ ప్రక్రియ మొదలుపెట్టాలన్నది. వినడానికి చాలా మామూలు మాట. ఫైలు పట్టుకున్నవాడికి మాత్రం అది గుండెకు తగులుతుంది. రాజీనామానో మరణమో అయితే ముందు తెలియదు, ఒప్పుకుంటాను. గడువు తీరడం వల్ల వచ్చే ఖాళీ తేదీ మాత్రం నియామకం జరిగిన రోజే తెలుస్తుంది. మా సెక్షన్‌లో నేను ఒక లాంగ్ బుక్ పెట్టుకున్నాను. ఎడమ పక్క సభ్యుడి పేరు, జీవో నంబరు, తేదీ. మధ్యలో గడువు తీరే తేదీ ఎర్ర సిరాతో. కుడి పక్క దానికి తొంభై రోజుల ముందు తేదీ పెన్సిల్‌తో. ప్రతి సోమవారం ఆ పెన్సిల్ తేదీలు చూసేవాణ్ణి. ఆ రోజు వస్తే నోట్ ఫైలు మొదలయ్యేది. పైన ఎక్కడో ఆగిపోయేదా అంటే ఆగిపోయేది, చాలాసార్లు. కానీ కింద మొదలుపెట్టనిది పైన ఆగడం కూడా జరగదు. పుస్తకం అప్పగించి రిటైరయ్యాక, అది ఎక్కడుందో తెలుసా అని ఫోన్ చేసి అడిగిన కుర్రవాణ్ణి ఇప్పటికీ ఇష్టంగా తలుచుకుంటాను.

సమాచార కమిషనర్ల గడువు గురించి ఇంకొక మాట, చాలామంది పాత పుస్తకాలు చూసి తప్పు చెప్తున్నారు కాబట్టి. 2005 చట్టంలో అది ఐదేళ్లు లేదా 65 ఏళ్ల వయసు. 2019 సవరణ తర్వాత గడువును కేంద్రం నిబంధనల ద్వారా నిర్ణయిస్తోంది, ఇప్పుడది మూడేళ్లు. వయసు పరిమితి అలాగే ఉంది. గడువు చట్టంలో ఉండడం వేరు, నిబంధనల్లో ఉండడం వేరు. చట్టం మార్చాలంటే పార్లమెంటుకు పోవాలి, నిబంధన మార్చడానికి నోటిఫికేషన్ చాలు. స్వతంత్రంగా ఉండాల్సిన సంస్థకు ఇది మంచిది కాదని అప్పుడూ అనుకున్నాను, ఇప్పుడూ అనుకుంటున్నాను.

ఇక ప్రభుత్వం మారితే తీసేస్తారా అన్నది. దీనికి ఒకటే జవాబు లేదు, జీవోలోని మాటల్నీ వెనక ఉన్న చట్టాన్నీ కలిపి చదవాలి. కార్పొరేషన్ చైర్మన్ల జీవోల్లో తరచుగా ‘రెండేళ్ల కాలానికి లేదా తదుపరి ఉత్తర్వుల వరకు, ఏది ముందైతే అది’ అని ఉంటుంది. ఆ ‘తదుపరి ఉత్తర్వుల వరకు’ అన్న మాటలోనే తలుపు తెరిచి ఉంది. 2023 డిసెంబర్‌లో తెలంగాణలో ప్రభుత్వం మారగానే 54 మంది కార్పొరేషన్ చైర్మన్ల నియామకాలు రద్దయ్యాయి. నామినేషన్ పదవి ప్రభుత్వం ఇష్టం ఉన్నంత కాలమే అని చట్టమే చెప్పినచోట, నోటీసు లేకుండా తీసేసినా తప్పు లేదని 1993లో షాజహాన్‌పూర్ మున్సిపాలిటీ కేసులో సుప్రీంకోర్టు అంది. అక్కడ తీసేసింది నామినేటెడ్ మహిళా సభ్యుల్ని.

కాలుష్య మండలి సభ్యుడి పరిస్థితి దీనికి భిన్నం. ప్రభుత్వం గడువు కంటే ముందే తొలగించవచ్చు, కానీ ఎందుకు తొలగించకూడదో చెప్పుకునే సరైన అవకాశం ముందు ఇవ్వాలి. చట్టం అలా రాసి ఉన్నప్పుడు జీవోలో ‘తదుపరి ఉత్తర్వుల వరకు’ అని ఒక ముక్క తగిలించినంత మాత్రాన ఆ అవకాశం పోదు. చట్టం ఇచ్చినదాన్ని జీవో తీసుకోలేదు. మీ బాబాయిగారికి నోటీసు లేకుండా తొలగింపు వస్తే హైకోర్టులో నిలబడే కేసు ఉంది. అయితే వాస్తవంలో తొలగింపు ఉత్తర్వు కంటే ముందు ఫోన్ వస్తుంది, ‘మీరే రాజీనామా ఇచ్చేయండి, గౌరవంగా ఉంటుంది’ అని. ఇవ్వాలా వద్దా అన్నది ఆయన ఇష్టం. ఇవ్వనవసరం లేదని తెలిసి ఇవ్వడం వేరు, తప్పదనుకుని ఇవ్వడం వేరు. ఆ ఫోన్ వచ్చిన రోజున ఆయన సంతకానికి ముందు ఒక రాత్రి ఆగాలని మాత్రం చెప్పండి.

ఎందుకంటే ఈ చట్టంలో రాజీనామా చాలా పదునైనది. సభ్యుడు స్వహస్తంతో రాసి బోర్డు చైర్మన్‌కు పంపితే అంతటితో సీటు ఖాళీ అవుతుంది. ఆమోదం కోసం ఆగేది లేదు. చైర్మన్ అయితే ప్రభుత్వానికి రాయాలి. ఎవరికి రాయాలన్నది కూడా ముఖ్యమే. ఒక సభ్యుడు కోపంలో మంత్రిగారి క్యాంప్ ఆఫీసుకు రాజీనామా పంపి, ఊళ్లో అందరికీ చెప్పేశారు. అది బోర్డు చైర్మన్‌కు చేరనే లేదు. ఏడు నెలల పాటు కాగితాల మీద ఆయన సభ్యుడే, మీటింగుల్లో లేరు, ఆ సీటు ఖాళీ అని ఎవరూ రాయలేదు కాబట్టి భర్తీ కూడా కాలేదు. మీ బాబాయిగారి ముందు సభ్యుడి రాజీనామా చైర్మన్‌కే చేరిందో లేదో ఒకసారి కనుక్కోండి. ఖాళీయే సరిగా ఏర్పడకపోతే దాన్ని నింపిన జీవోను ప్రశ్నించే వీలుంటుంది.

వెనక్కి తీసుకోవడం గురించి కూడా అడుగుతుంటారు. భవిష్యత్తు తేదీ వేసి ఇచ్చిన రాజీనామాను ఆ తేదీ రాకముందు వెనక్కి తీసుకోవచ్చు, చట్టంలో అడ్డు లేకపోతే. అలహాబాద్ హైకోర్టు జడ్జి సతీశ్ చంద్ర 1977 మే 7న, ఆగస్టు 1 నుంచి రాజీనామా చేస్తున్నట్టు రాష్ట్రపతికి రాశారు. జూలై 15న వెనక్కి తీసుకున్నారు. అది చెల్లుతుందని సుప్రీంకోర్టు 1978లో తేల్చింది. తేదీ వేయకుండా, ‘ఇందుమూలంగా రాజీనామా చేస్తున్నాను’ అని పంపితే ఆ దారి మూసుకుపోతుంది.

తీసేయకుండానే సీటు పోయే దారి ఇంకొకటి ఉంది, పెద్దవాళ్లు ఎక్కువగా పడేది ఇందులోనే. బోర్డు ఒప్పుకునే కారణం లేకుండా వరసగా మూడు మీటింగులకు రాకపోతే సీటు ఖాళీ చేసినట్టే లెక్క. మూడు నెలలకు కనీసం ఒక మీటింగ్ జరగాలన్నది నియమం కాబట్టి, తొమ్మిది నెలల్లో పదవి పోవచ్చు. మోకాలి ఆపరేషనో, అమెరికాలో ఉన్న అమ్మాయి దగ్గరికి వెళ్లడమో అయితే ప్రతి మీటింగ్‌కూ ముందే ఉత్తరం పంపాలి, అది మినిట్స్‌లో ‘అనుమతించిన గైర్హాజరు’గా రాయించుకోవాలి. ఫోన్‌లో చెప్పాను అంటే నిలబడదు. స్థానిక సంస్థల నుంచి వచ్చిన సభ్యులకు మరో మెలిక ఉంది, కౌన్సిలర్ పదవి పోయిన రోజే ఈ సీటూ పోతుంది. అధికారులకూ అంతే, ఆ ఉద్యోగం మారగానే సభ్యత్వం ముగుస్తుంది. పురపాలక ఎన్నికలు ఆలస్యమైతే బోర్డులో ఒకేసారి నాలుగైదు సీట్లు ఖాళీగా కనిపించడానికి కారణం ఇదే.

అదే మీ నాలుగో ప్రశ్నకు తెస్తుంది. రాష్ట్ర మండలిలో చైర్మన్, అధికారులు ఐదుగురి దాకా, స్థానిక సంస్థల వారు ఐదుగురి దాకా, అనధికారులు ముగ్గురి దాకా, ప్రభుత్వ కంపెనీల నుంచి ఇద్దరు, మెంబర్ సెక్రటరీ, అంతా నిండితే 17 మంది. సగం లేకపోయినా నిర్ణయాలు చెల్లుతాయా? 11వ సెక్షన్ చెప్పేది, ఖాళీ ఉందన్న ఒక్క కారణంతో మాత్రమే బోర్డు చేసిన పనిని ప్రశ్నించకూడదని. ఆ ‘మాత్రమే’ గుర్తుపెట్టుకోండి. కోరం, అంటే కావలసిన కనీస హాజరు, లేని మీటింగ్‌ను ఇది కాపాడదు. అసలు ఎవరూ లేని సంస్థను ఏ సెక్షనూ కాపాడదు. నియామకంలోనే లోపం బయటపడితే? దానికి మన రాష్ట్రం నుంచే వెళ్లిన గోకరాజు రంగరాజు కేసు ఉంది. నియామకం చెల్లదని తేలిన సెషన్స్ జడ్జిలు అంతకు ముందు ఇచ్చిన తీర్పుల సంగతేమిటన్నది ప్రశ్న. పదవిలో ఉన్నట్టే అందరూ నమ్మి నడిచినప్పుడు చేసిన పనులు, మనిషి నియామకం తర్వాత కూలినా, నిలుస్తాయని 1981లో జస్టిస్ చిన్నప్పరెడ్డి రాశారు. జనం ఆ తీర్పుల మీద ఆధారపడి బతుకుతారు కదా అన్నదే దాని వెనకున్న న్యాయం. కాబట్టి మీ బాబాయిగారి నామినేషన్‌లో రేపు ఏ చిన్న లోపం దొరికినా, ఆయన పాల్గొన్న నిర్ణయాలన్నీ పేకమేడలా కూలవు.

చట్టపరంగా చెల్లడం వేరు, బాగుండడం వేరు అని కూడా చెప్పాలి. వ్యవసాయం, చేపల వేట, పరిశ్రమ, వ్యాపారం లాంటి వాటి తరఫున మాట్లాడే ఆ ముగ్గురు అనధికారుల సీట్లు ఖాళీగా ఉన్న గదిలో ఒక ఫ్యాక్టరీ అనుమతి చర్చకు వస్తే, బావి నీళ్లు రంగు మారాయని చెప్పే గొంతు అక్కడ ఉండదు. 11వ సెక్షన్ ఆ మీటింగ్‌ను కాపాడుతుంది, బావిని కాపాడదు. అందుకే మీ బాబాయిగారు ఆ కాస్త మిగిలిన కాలానికైనా వెళ్లాలని నా కోరిక. పై ఉదాహరణలో ఆయన ఫిబ్రవరిలో వచ్చారనుకుంటే మిగిలేది పదహారు నెలలు, అంటే కనీసం ఐదు మీటింగులు.

ఒకటి మీరు అడగలేదు కానీ చెప్తాను. ఆయనకు ఎన్నికల్లో నిలబడే ఆలోచన ఉంటే ముందుగా లాయర్‌ను కలవండి, ఈ సీటు ‘లాభదాయక పదవి’ కిందికి వస్తే అనర్హత చిక్కు రావచ్చు. ‘నేను రూపాయి తీసుకోలేదు’ అన్న వాదన సరిపోదని 2006లో జయా బచ్చన్ కేసులో తేలింది. తీసుకున్నారా లేదా అన్నది కాదు, ఆ పదవి ద్వారా రాబడి పొందే వీలుందా అన్నదే చూస్తారు. మీటింగ్ ఖర్చులకు ఇచ్చే భత్యం వేరు, గౌరవ వేతనం వేరు. నామినేషన్ షరతులు చెప్పే జీవోలో ఏ మాట వాడారో అందుకే చదవాలి.

ఇప్పుడు చేయాల్సింది: పాత సభ్యుడి నామినేషన్ జీవో, ఆయన రాజీనామా చైర్మన్‌కు అందినట్టు నమోదైన కాగితం, మీ జీవో, ఈ మూడింటి కాపీలూ మెంబర్ సెక్రటరీ ఆఫీసు నుంచి రాతపూర్వకంగా అడగండి. ఇవ్వకపోతే సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి. తేదీలు చేతికి వచ్చాక ఇక్కడే రాస్తే, గడువు తీరే రోజు ఏదో నేను లెక్కేసి చెప్తాను.